ఎర్రముక్కు పురుగు పిలుపు

కొబ్బరితోట గలవారు ఎరుగుదురు: నిన్నటివరకు పచ్చగా నిలచిన చెట్టు ఒకనాడు మొవ్వు వాల్చును; గాలివాన లేకయే తల విరిగి పడును. మాను చీల్చి చూచినచో నమలి విడిచిన పీచు తప్ప మరేమియు కనబడదు. అంతకు ముందే మానునకు చెవి ఆనించి యుండినచో లోపల పురుగు కొరుకు కరకర శబ్దము వినబడి యుండును. కాని చెట్టునకు చెవి ఆనించువారు ఎందరు?

ఈ పని ఎర్రముక్కు పురుగుది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఒలివియే 1790లో దీనికి పేరు పెట్టుచు తుప్పురంగును తెలుపు లాటిను పదమును వాడెను. 1911లో మద్రాసు రాజధానిలో చిత్తూరు జిల్లా ఏర్పడెను. మరి మూడేండ్లకు దక్షిణ భారత కీటకములను గూర్చి ఫ్లెచరు రచించిన గ్రంథము మద్రాసులో వెలువడెను. మన ప్రాంతపు రైతునకు గ్రంథముతో పనిలేకయే ఒక సంగతి తెలియును: ఈ పురుగు గాయపడిన చెట్టును వెదకుకొని వచ్చును. కొమ్ముపురుగు తొలచిన రంధ్రము, పచ్చిమట్ట నరికిన చోటు, వాగుగట్టు ఈతచెట్టుపై కల్లు గీసిన కోత, ఇవియే దానికి వాకిళ్లు. పులిసిన రసపు వాసనయే దానిని రప్పించునని పెద్దలు చెప్పుచుండిరి. తిరుపతిలో వ్యవసాయ కళాశాల వెలసిన 1961 నాటికి శాస్త్రజ్ఞులకు తెలిసినదియు దీనికంటె మిక్కిలి ఎక్కువ కాదు.

పిదప ట్రాంబే అణుపరిశోధన కేంద్రమువారు వేరొక త్రోవ త్రొక్కిరి. మగపురుగులను కిరణములతో గొడ్డువానిగా చేసి విడచినచో, వానితో జతగూడిన ఆడువాని గ్రుడ్లు పొదగవు గదా అని తలచిరి. యోచన చక్కనిదే. కాని ఈ జాతిలో ఆడుది ఒక మగనితో తృప్తిపడదు. జీవితకాలమున పెక్కుమార్లు జతగూడును. పైగా ఒకే మానులో పుట్టి, పెరిగి, జతగూడి, అందే మరల గ్రుడ్లు పెట్టగలదు. వెలుపల విడచిన మగపురుగు ఆ మానులోనికి ఎట్లు చేరగలదు? ఈ పద్ధతి మన తోటలకు రాలేదు.

ఇంతలో 1980 తరువాత ఈ పురుగు పిలకలతోబాటు అరబ్బు దేశముల ఖర్జూర తోటలకు ప్రాకెను. దాని నడవడిని తెలిసికొనుట పలుదేశములకు అవసరమయ్యెను. 1993లో కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయమువారు, ఇతర దేశీయులతో కూడి, అసలు గుట్టు విప్పిరి. పిలుచునది మగపురుగు. అది చెట్టుపై చేరి మేయుచు ఒక వాసనను విడచును. దానికి ఫెరుజినియోల్ అని పేరు. ఆ పిలుపునకు ఆడువియు మగవియు కూడ వచ్చును. అందుచేత అది కేవలము ప్రణయసందేశము కాదు, విందుకు పిలుపు కూడ. మొదట గాయపు వాసనకు వచ్చిన ఒక్క మగపురుగు ఊరి పురుగులనెల్ల ఆ చెట్టునకు రప్పించును.

పెద్దలు చెప్పిన కల్లు మాట అబద్ధమాయెనా? మా అభిప్రాయమున కాలేదు. ఫెరుజినియోల్ ఒక్కటియే బక్కెటులో వ్రేలాడదీసినచో పడు పురుగులు కొద్ది. చెరకు ముక్కలో, ఖర్జూరములో వేసి పులియనిచ్చిన నీరు తోడైననే అవి గుంపుగా పడును. మగని పిలుపు, పులుపు వాసన ఒకదానికొకటి బలము. పడువానిలో ఆడువే హెచ్చు. అందులోను ఇదివరకే జతగూడి గ్రుడ్లతో నున్నవి పెక్కు. ఒక్కొక్కటి రెండు మూడు వందల గ్రుడ్లు పెట్టగలదు గనుక, బక్కెటులో పడిన ప్రతి ఆడుపురుగును లెక్కించి చూచుకొనదగినదే.

అయితే ఒక చిక్కున్నది. పిలుపునకు వచ్చిన పురుగెల్ల బక్కెటులోనే పడదు. కొన్ని ప్రక్కనున్న చెట్టుపై వ్రాలును. కనుక లేత మొక్కల నడుమ దీనిని కట్టరాదు. తోట గట్టున కట్టవలెను. నీరు ఇంకిపోకమునుపే పులిసిన నీటిని మార్చవలెను. మట్ట నరుకవలసివచ్చినచో మానునకు కొంత ఎడముగా నరికి, కోతకు తారు పూయవలెను. కొమ్ముపురుగు రంధ్రమును విడువక కనిపెట్టి పూడ్చవలెను. మొదటి మగపురుగు దిగునది అక్కడనే.