వేషం తీశాక ముఖానికి ఏం రాయాలి?

వేదం వేంకటరాయశాస్త్రి ‘ప్రతాపరుద్రీయం’ 1897లో అచ్చయింది. అందులో పేరిగాడనే చాకలికి ఓరుగల్లు రాజు పోలికలుంటాయి. వాడిని రాజుగా చలామణీ చేయించడం కథలో ఒక ముఖ్య ఘట్టం. శాస్త్రిగారి నాటకాలను నెల్లూరులో ఆంధ్రభాషాభిమాని సమాజం ఆడేది. అలాంటి ఔత్సాహిక సమాజాల్లో వేషాలు కట్టేది ఎక్కువగా చదువుకున్నవాళ్లు, ఉద్యోగస్తులే. రాత్రి కిరీటం పెట్టుకున్న మనిషి తెల్లారేసరికి కచేరీకి పోవాలి. చెవి వెనక ఎర్రరంగు చార మిగిలితే ఆఫీసులో నవ్వులపాలే. అందుకే రంగు ఎలా వేయాలన్నదాంతో పాటు ఎలా దింపాలన్నదీ నటుడికి తెలిసి ఉండాల్సిన విద్యే.

అంతకుముందు వీధిభాగవతాల కాలంలో ఆ విద్య ఇంకా అవసరం. కాగడాల వెలుతురులో పాత్ర ప్రవేశిస్తుంటే గుప్పెడు గుగ్గిలం చల్లేవారు. భగ్గుమన్న మంటలో ముఖం ధగధగలాడేది. ఆ మెరుపుకు ఆధారం అర్దళం. పసుపుపచ్చటి ఆ ఖనిజాన్ని నూరి ముఖానికి పూసేవారు. ఎరుపు కావాలంటే ఇంగిలీకమో కుంకుమో, నలుపుకు మసి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, అర్దళమంటే గంధకంతో కలిసిన ఆర్సెనిక్, ఇంగిలీకమంటే గంధకంతో కలిసిన పాదరసం. తెల్లవార్లూ చెమటలో నానుతూ ఆ రంగులు చర్మాన్ని అంటుకునే ఉండేవి. వాటిని త్వరగా, పూర్తిగా వదిలించుకోవడం అందం కోసమే కాదు, ఒంటి క్షేమం కోసం కూడా.

వదిలించే పద్ధతి మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. ముందు కొబ్బరినూనో నువ్వులనూనో ముఖమంతా పట్టించి, రంగు కరిగి జారేదాకా వేళ్లతో మెల్లగా తిప్పాలి. తర్వాత పాత పంచె ముక్కతో తుడిచి, సున్నిపిండితో కడగాలి. జిడ్డులో కలిసిన రంగు జిడ్డుకే లొంగుతుంది, నీళ్లకు లొంగదు. నీళ్లతో మొదలుపెడితే రంగు మరకలై ముఖమంతా పాకుతుంది. కళ్ల కాటుకదీ ఇదే కథ. ఆముదపు దీపం మీద పట్టిన మసిని నెయ్యితో కలిపిన కాటుక ఎంత నీళ్లు చల్లినా కదలదు. నూనె చుక్క తగిలితే చాలు, వచ్చేస్తుంది.

దూరదేశంలో ఇదే సూత్రం మీద వ్యాపారం నడిచింది. బెర్లిన్‌లో లుడ్విగ్ లైష్నర్ అనే ఒపేరా గాయకుడు 1873లో కొవ్వులో కలిపిన రంగు కడ్డీలు తయారుచేశాడు. అక్కడి రంగస్థలం వాటికి అలవాటుపడింది. ఇక తుడవడానికి యూరప్‌లో కోల్డ్ క్రీమ్ ఎప్పటినుంచో ఉంది. మైనం, ఆలివ్ నూనె, పన్నీరు కలిపిన ఆ లేపనాన్ని క్రీస్తుశకం రెండో శతాబ్దపు రోమన్ వైద్యుడు గేలెన్ పేరుతో చెప్పుకుంటారు. సీసా ఖరీదైనదే, లోపలి లేపనం చేసే పని మాత్రం మన కొబ్బరినూనె చేసేదే.

మీసాలు, గడ్డాల సంగతి వేరు. వాటిని అంటించే స్పిరిట్ గమ్‌లో సారాయి జాతి ద్రావకంలో కరిగిన బంక ఉంటుంది. అది గట్టిపడ్డాక ఊడబెరికితే చర్మం కూడా లేచొస్తుంది. దాని అంచున స్పిరిట్ తడిపిన దూది ఆనించి ఓపిక పట్టాలి. దుర్యోధనుడి వేషం కట్టినవాడికి పై పెదవి మండటం కొత్త కాదు.

నెల్లూరుకు మద్రాసు దగ్గర. అప్పట్లో తెలుగు సినిమాలు అక్కడే తయారయ్యేవి కాబట్టి ఆ దగ్గరతనమే ఈ తీరం నుంచి చాలామందిని సినిమాల్లోకి పంపింది. శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన రమణారెడ్డి, రెవెన్యూ ఉద్యోగం చేస్తూ నాటకాలాడిన రాజనాల, సూళ్లూరుపేట ప్రాంతపు ఆత్రేయ నాటకాల నుంచే సినిమాకు వెళ్లారు. అక్కడ నటుల ముఖానికి తగిలింది వేరే సరుకు. హాలీవుడ్‌లో మాక్స్ ఫ్యాక్టర్ 1930ల చివర తెచ్చిన పాన్‌కేక్‌ను తడి స్పాంజితో అద్దుతారు. తడితో వేస్తారు కాబట్టి తడితోనే పోతుందనుకుంటే పొరపాటే. అందులో మైనం, నూనె పాళ్లుంటాయి. ఎన్టీఆర్ ముఖానికి రంగులు దిద్దిన పీతాంబరం లాంటివాళ్ల పనితనం గురించి జనం ఎంతో చెప్పుకున్నారు. షూటింగ్ అయ్యాక ఆ రంగు దింపే పని గురించి పెద్దగా ఎవరూ చెప్పుకోలేదు. ఇది కాస్త అన్యాయమే.

తెర మీది అలంకారం మళ్లీ ఊళ్లకే చేరింది. నెల్లూరు అమ్మాయి వాణిశ్రీ 1970ల్లో తీర్చిన కొప్పూ, కళ్లకు దిద్దిన తోకా చూసి ఎందరో యువతులు అద్దం ముందు కూర్చున్నారు. అప్పటిదాకా వేషగాళ్ల సమస్యగా ఉన్నది ఇంటింటి సమస్య అయింది.

గూడూరు చుట్టుపక్కల గనుల్లో దొరికే అభ్రకానిదీ ఇందులో ఒక పాత్ర ఉంది. మనవాళ్లు కాకిబంగారం అని పిలిచే ఈ ఖనిజం నెల్లూరు జిల్లా నుంచి ప్రధానంగా విద్యుత్ పరికరాల కోసం ఎగుమతయ్యేది. నేడు కనురెప్పల మీద తళుక్కుమనే రంగుల్లో మెరిసేది కూడా అభ్రకం పొడే. అది నీళ్లలో కరగదు, నూనెలోనూ కరగదు. పలుచటి రేకుల్లా చర్మానికి అతుక్కుంటుంది. నూనె చేసేదల్లా దాన్ని పట్టుకుని పైకి తేల్చడమే. రుద్దితే మాత్రం రేకులు కంట్లోకి పోతాయి.

ఇప్పుడు అంగట్లో సీసాలకు కొదవలేదు. 1990ల్లో ఫ్రాన్స్ నుంచి ప్రచారంలోకి వచ్చిన మైసెలార్ వాటర్ తేలికపాటి పూతకు బాగానే సరిపోతుంది. వాటర్‌ప్రూఫ్ మస్కారాకూ పెళ్లి మేకప్‌కూ అది చాలదు, నూనె ఉన్నదే కావాలి. పొడి చర్మానికి క్లెన్సింగ్ బామ్ హాయిగా ఉంటుంది. మొటిమలు వచ్చే ముఖానికి కొబ్బరినూనె మంచిది కాదు. రంధ్రాలు మూసుకుపోతాయి. అలాంటివారు నీళ్లతో కలిసి తెల్లగా పాలలా మారే క్లెన్సింగ్ ఆయిల్ వాడి, ఆపైన మృదువైన ఫేస్‌వాష్‌తో కడుక్కోవాలి. మైపాడు, కృష్ణపట్నం వైపు ఉక్కపోతలో చెమటా జిడ్డూ ఎక్కువ కాబట్టి ఈ రెండో కడుగు మానకూడదు. మామూలు సబ్బు మాత్రం వద్దు. చర్మానికి సహజంగా కొద్దిపాటి ఆమ్లగుణం ఉంటే, సబ్బుది క్షారగుణం. కుంకుడు రసం సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు, కంట్లో పడితే మంట ఎలా ఉంటుందో తలంటుకున్న ప్రతివాళ్లకీ తెలుసు.

కొత్త సీసా కొనేటప్పుడు బ్రాండు కంటే ముందు మీరు వేసుకున్న రంగు నూనెదా, మైనందా, నీళ్లదా చూడండి. మోచేతి లోపలి వైపు కాస్త రాసి ఒక రోజు ఆగండి. కంటి దగ్గర దూదిని ఆనించి కాసేపు ఉంచి, రుద్దకుండా కిందికి తీయండి. మంట, దద్దుర్లు వస్తే ఆ సీసా పక్కన పెట్టేసి చర్మవైద్యుణ్ని కలవండి.