రాక్షసబల్లికి ప్రాజెక్టు కోడ్ ఏంటి?

మా దగ్గర పావుగంట పనికైనా టైమ్‌షీట్‌లో ప్రాజెక్టు కోడ్ వెయ్యాలి. వేసినప్పుడల్లా నాకు కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటే గుర్తొస్తుంది. 1931లో మహలనోబిస్ దాన్ని పెట్టింది గణాంకశాస్త్రం కోసం. వాల్తేరులో ఎమ్మే చేసిన మన సి.ఆర్.రావు గారు 1941లో అక్కడికెళ్ళింది కూడా అందుకే. ఆ తర్వాత మహలనోబిస్ జన్యుశాస్త్రానికి హాల్డేన్‌నీ, శిలాజాలకి పమేలా రాబిన్సన్‌నీ పిలిపించాడు. (హాల్డేన్‌కి ఆయనతో పడలేదు, 1961లో మానేశాడు. 1964లో పోయాక ఆయన దేహం చేరింది మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి!)

శిలాజాల వాళ్ళు ఠాగూర్ శతజయంతి ఏడాది, 1961లో, మన ప్రాణహిత-గోదావరి లోయలో తవ్వితే రాక్షసబల్లి బయటపడింది. తొడ ఎముకొక్కటే 1.7 మీటర్లు. బెంగాలీలో 'బడా పా' అంటే పెద్ద కాలు. అలా 'బారాపాసారస్ టాగోరై' అని పేరు పెట్టి ప్రకటించింది 1975లో. పద్నాలుగేళ్ళండీ! మా మేనేజరైతే రెండో వారమే "ఇది ఎవరికి బిల్ చేస్తున్నావ్?" అనేవాడు.