ఖాళీ వేరు, తెలియకపోవడం వేరు

ఈ దేశం వచ్చిన కొత్తలో నేను పనిచేసే చోటి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పైన "డియర్" అని ఉంది, పక్కన కామా. పేరు లేదు. రూమ్‌లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నెల జీతం పది రోజులు ఆగేసరికి నవ్వు పోయింది.

కారణం మనలో చాలామందికి ఉన్నదే. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు రెండూ గివెన్ నేమ్‌లోనే ఉన్నాయి. సర్‌నేమ్ గడి ఖాళీ. ఒక్క గడి ఖాళీ అయితే మొత్తం పేరు ఎలా ఎగిరిపోయింది? తవ్వుకుంటూ పోతే ఇక్కడే పుట్టిన ఒక వలస మనిషి దగ్గర తేలాను.

ఆయన ఎడ్గర్ కాడ్. 1923లో డోర్సెట్ తీరంలోని పోర్ట్‌లాండ్‌లో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, యుద్ధంలో విమానం నడిపాడు. 1948లో అమెరికా వెళ్ళి, ఆ తర్వాత ఐబీఎంలో చేరాడు. మెకార్తీ రాజకీయాలు గిట్టక 1953లో కెనడా పోయి, కొన్నేళ్ళకి తిరిగొచ్చాడు. 1970లో, డేటాని పట్టికలుగా పెట్టుకునే పద్ధతి చెబుతూ ఒక వ్యాసం రాశాడు. మన జీతాలు, బ్యాంకు ఖాతాలు చాలావరకు ఈరోజు ఆ పట్టికల్లోనే ఉన్నాయి. 1981లో ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు.

పట్టిక అన్నాక నిండని గడులుంటాయి. వాటికి నల్ అనే గుర్తు పెట్టి, అవును, కాదు, తెలియదు అని మూడు జవాబుల లెక్కని 1979లో వివరించాడు. 1985లో రాసిన నియమాల్లో మూడోది మన కథకి కీలకం: నల్ అంటే సున్నా కాదు, అక్షరాల్లేని ఖాళీ మాట కూడా కాదు. మన ఊరి కొట్టు ఖాతాలో "బాకీ లేదు" అని రాయడం వేరు, అసలేమీ రాయకపోవడం వేరు. అంతే.

కానీ అందరూ వినలేదు. ఒరాకిల్‌లో ఖాళీ మాట పెడితే ఇప్పటికీ నల్‌గానే దాస్తుంది. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ రెండిటినీ వేరుగా ఉంచుతాయి. ఒరాకిల్‌లో పేరుకి నల్ కలిపితే పేరు మిగులుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా కలిపితే మొత్తం నల్ అయిపోతుంది: తెలియనిదానికి ఏం కలిపినా తెలియనిదే కదా! పైగా నల్, నల్ సమానమా అని అడిగితే "అవును" రాదు. కాబట్టి ఒకచోటి మనిషి ఇంకోచోటి రికార్డుతో కలవడు. నాకూ ఇలాంటిదే అయ్యుంటుందని ఐటీలో పనిచేసే మా రూమ్మేట్ అన్నాడు.

అసలు నల్లే వద్దని క్రిస్ డేట్, హ్యూ డార్వెన్ వాదించారు. వాళ్ళిద్దరూ ఈ దేశం వాళ్ళే. ఆ గొడవ ఇంకా తెగలేదు.

అది తెగేలోపు మనం చేయగలిగింది: సర్‌నేమ్ అడిగితే ఒకచోట చుక్క, ఒకచోట "ఎన్.ఏ." అని సొంతంగా పెట్టకండి. అప్పుడు కాగితాల్లో ముగ్గురు మనుషులవుతారు. పాస్‌పోర్టులో ఎలా ఉందో చూపించి, మీ సర్‌నేమ్ ఎలా ఎక్కించారో అడిగి రాసిపెట్టుకోండి. ఇక కోడ్ రాసే తమ్ముళ్ళూ, సర్‌నేమ్ లేనివాడిని కూడా పెట్టి ఒకసారి టెస్ట్ చేయండి. ఇంటి దగ్గర వాడి జీతం కోసం ఎదురుచూసేవాళ్ళుంటారు.