చీపురుపల్లి కుర్రాడూ, మా ఇంటి గ్రూపూ

2024 జూన్ 4న ఓట్లు లెక్కపెట్టారు. సాయంత్రానికల్లా మా పుట్టింటి వాట్సాప్ గ్రూపులోంచి చిన్నాన్న తప్పుకున్నాడు. ఆయన పార్టీని వెక్కిరిస్తూ అన్నయ్య ఓ బొమ్మ పంపాడు లెండి. అది అన్నయ్య గీసింది కాదు, ఎవడో చేసి వదిలింది. వాడికి పేరూ లేదు, ఊరూ లేదు. చిన్నాన్న అలిగింది మాత్రం అన్నయ్య మీద. ఆ తర్వాతి సంక్రాంతికి కూడా మా గడప తొక్కలేదు.

రాతల్లో తగువులాడుకోవడం మనవాళ్ళకు కొత్తేం కాదు. గురజాడ అప్పారావుగారు చిన్నతనంలో చదువుకున్నది మా చీపురుపల్లిలోనే. తర్వాత విజయనగరం బళ్ళో గిడుగు రామమూర్తిగారు ఆయనకు సహాధ్యాయి. పెద్దయ్యాక ఇద్దరూ బడిపిల్లలు వాడుక భాషలో రాయవచ్చునన్నారు. జయంతి రామయ్య పంతులుగారు కూడదన్నారు. 1913లో గిడుగువారు తమ వాదం అచ్చువేస్తే, అదే ఏడు పంతులుగారూ గ్రాంథికం పక్షాన పుస్తకం వేశారు. 1914లో గురజాడవారు కమిటీతో విభేదించి అసమ్మతి పత్రం రాశారు. తెలుగు ఎలా రాయాలన్న తగువులో ఈ మూడూ ఇంగ్లీషు రాతలే, చూశారా!

మర్యాదగా పోట్లాడుకున్నారా అంటే, అదేం లేదు. ఘాటుగానే అనుకున్నారు. కానీ గిడుగువారి పద్ధతి ఒకటుంది. గ్రాంథికం రాసేవారి పుస్తకాలే తెరిచి, వారి వ్యాకరణం ప్రకారమే వారి తప్పులు చూపించేవారు. అలా చూపించాలంటే ముందు అవతలివాడి పుస్తకం ఆసాంతం చదవాలి గదా! పైగా పుస్తకం మీద పేరుండేది, అచ్చుకూలి ఇచ్చుకోవాలి, జవాబుకు నెలలు పట్టేది. అప్పటికి గ్రాంథికమే నెగ్గింది. 1915లో గురజాడవారు పోయారు. గిడుగువారు 1919లో ‘తెలుగు’ అని పత్రిక పెట్టి మళ్ళీ మొదలుపెట్టారు.

పుకార్లు నమ్మి జనం మనుషుల్ని కొట్టి చంపాక, 2018లో వాట్సాప్‌వారు మన దేశంలో ఒక కబురును ఒకసారి ఐదుచోట్లకు మించి పంపకుండా కట్టడి చేశారు. ఒక ఇల్లు విడగొట్టడానికి ఐదెందుకు, ఒకటి చాలదూ?

మొన్న పుట్టింటికి వెళ్ళినప్పుడు అన్నయ్యనడిగాను: “చిన్నాన్న వాదమేమిటో, ఆయన ఔననేటట్టు చెప్పగలవా?”

మొదలెట్టాడు. రెండు ముక్కలకే ఆగిపోయాడు. ఏమనుకున్నాడో, ఫోను తీశాడు.

“చిన్నాన్నా, అప్పుడు నువ్వసలు ఏటన్నావో మళ్ళీ ఓపాలి చెప్పు.”

అట్నుంచి చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత చిన్నాన్న దగ్గు వినిపించింది.