గ్రంథాలయములు – క్రొత్త యంత్రములు

గ్రంథాలయ మనగా బీరువాలును తాళపుచెవులును అని తలంచు అలవాటు మనలో నింకను పోలేదు. నైజాము పాలనమున ఉర్దూ రాజభాషయై, 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను అదియే బోధనభాషయై యున్నపుడు, తెలుగు పుస్తకమునకు నీడ యిచ్చినవి ప్రజలు నిలుపుకొన్న భాషానిలయములే. హనుమకొండలోని రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము 1904 నాటిది. 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘము గ్రంథాలయ స్థాపనమును తన పనులలో నొకటిగా జేసికొనెను. దానినుండి పెరిగిన ఆంధ్రమహాసభ 1935లో కరీంనగరము జిల్లా సిరిసిల్లలో సమావేశమయ్యెను.

ఆ కరీంనగరమునకు శాతవాహన విశ్వవిద్యాలయము 2008లో గాని రాలేదు. ఆ యేటనే ఆదిలాబాదు జిల్లా బాసరలో (2016 నుండి యిది నిర్మల్ జిల్లాలోనిది) రాజీవ్ గాంధీ సాంకేతిక విద్యాలయము వెలసెను. పదవ తరగతి ముగించిన పల్లె పిల్లలను చేర్చుకొని, తొలినాళ్లలో ఒక్కొక్కరి చేతికి ఒక్కొక్క ల్యాప్‌టాపు నిచ్చిరి. సరస్వతి సన్నిధిని పలకకు బదులు యంత్రమన్నమాట! ఆ విద్యాలయమునకు ప్రథమ కులపతి చిత్తూరు జిల్లా కాటూరున జన్మించిన రాజ్ రెడ్డిగారు. పది లక్షల గ్రంథములను అంకరూపమున భద్రపరచు సంకల్పమునకు నాయకులలో నొకరు ఆయనయే. హైదరాబాదులోని త్రిబుల్ ఐటీ ఆ పనికి ఒక ముఖ్యకేంద్రముగా నుండెను. వేలకొలది తెలుగు గ్రంథములు ఇట్లు చెదలనోట బడక నిలిచినవి.

అయితే ఇందొక చిక్కు గలదు. యంత్రము పుటకు ఛాయాచిత్రము తీయును గాని అక్షరమును ఎరుగదు. దానికి 'క'యును సిరామరకయును నొకటే. అక్షరములను గుర్తించు ఉపాయములు తరువాత వచ్చినవి గాని, మన గుణింతములును వత్తులును వానిని మిక్కిలి శ్రమపెట్టినవి. కావున పుస్తకము దొరకుట దాని పేరు వ్రాసినవాని చేతిలో నుండెను. ఆ పేర్లను ఇంగ్లీషు లిపిలో నెవరికి తోచినట్లు వారు వ్రాసిరి. ఆ లిపిలో, గుర్తులు లేనిచో, పాట, పాత, పట యను మూడును ఒక్కటే. కలకును కళకును భేదమే లేదు. తెలుగు అక్షరములకు యూనికోడులో స్థానము 1991లోనే లభించెను గదా! ఈ యలక్ష్యమునకు క్షమార్పణ మెక్కడిది?

తరువాత ఆ ప్రభుత్వ భాండారపు ద్వారము మూతపడెను. 2017లో నాలుగు లక్షలకు పైబడిన గ్రంథములను ఇంటర్నెట్ ఆర్కైవునందు చేర్చి రక్షించిరి. పుస్తకములతోపాటు తప్పుపేర్లును సురక్షితముగా చేరినవి.

ఇప్పటి కళాశాలలు దొంగను జూచి కూయు రేడియో చీటీలను కొనుటయందు ఉత్సాహము చూపుచున్నవి. పుస్తకమును దొంగిలించువాడు చదువువాడేమో యని నా యనుమానము! పాఠకుని కాలమును కాపాడుమని రంగనాథన్‌గారు 1931లోనే సూత్రము వ్రాసిరి. న్యూజిలాండులో పుట్టి ఉచితముగా లభించు 'కోహా' పట్టికలో తెలుగు లిపిని చక్కగా వ్రాయవచ్చును. బాసరలో నూరుగురు విద్యార్థులు గంటకు పదేసి పేర్లు సరిదిద్దినను, ఒక గంటలో వేయి పుస్తకములు తమ పేరున తాము పిలువబడును. ముందుగా ముఖపత్రమును తెరచి చూచి, అందున్న పేరును అందున్నట్లే తెలుగున వ్రాయవలెను.