తాళం వేసిన రుచి

దొంగలపాలు కాకూడదని ఒక మనిషి తన చేతి రుచికి తాళం వేసుకున్నాడు. ఆ తాళంచెవి ఎవరికీ ఇవ్వకుండానే వెళ్లిపోయాడు. డాన్ బీచ్ కథ ఎప్పుడు తలుచుకున్నా నా మనసు ఇక్కడే చివుక్కుమంటుంది.

అసలు పేరు ఎర్నెస్ట్ రేమండ్ బోమాంట్ గాంట్. కుర్రతనంలో దీవులన్నీ తిరిగొచ్చినవాడు. 1933లో అమెరికాలో మద్యనిషేధం ఎత్తేసిన రోజుల్లో హాలీవుడ్‌లో చిన్న బార్ పెట్టాడు. అదే తర్వాత డాన్ ద బీచ్‌కోంబర్ అయింది. రేకుల కప్పు మీద గొట్టంతో నీళ్లు పోయించేవాడని చెప్పుకుంటారు. టపటపమని చప్పుడు వినబడగానే లోపలివాళ్లు వాన పట్టుకుందనుకునేవారు. వెలిశాక పోదాంలే అని ఇంకో గ్లాసు తెప్పించుకునేవారు.

ఆ గ్లాసులో ఉన్నది వట్టి రమ్ కాదు. రెండు మూడు దీవుల రమ్‌లు, నిమ్మరసం, సుగంధ ద్రవ్యాలు, అన్నీ కొలత తప్పకుండా కలిపేవాడు. 1934 నాటి అతని 'జాంబీ' అనే పానీయాన్ని ఒక మనిషికి రెండుకు మించి పోసేవారు కాదు. పేరు మోగిపోయింది. అనుకరించేవాళ్లూ బయల్దేరారు.

అందుకే సీసాల మీద అంకెలు, మారుపేర్లు వేయించాడు. 'డాన్స్ మిక్స్', 'స్పైసెస్ 4', అంతే. కౌంటర్ వెనక పనిచేసే ఫిలిపినో కుర్రాళ్లకు ఏ సీసా ఎంత పోయాలో తెలుసు, అందులో ఏముందో తెలియదు. జీతం ఆశ చూపి పక్కవాడు వాళ్లను లాక్కుపోయినా, వెంట వెళ్లేది అంకెలే.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. అతను సైన్యంలో ఉండగా, అప్పటికే విడాకులు తీసుకున్న భార్య సన్నీ సండ్ వ్యాపారాన్ని ఊరూరా విస్తరించింది. తిరిగొచ్చేసరికి సంస్థ ఆమెది, పేరూ ఆమెదే. తాను పెంచిన పేరుతో అమెరికా ప్రధాన భూభాగంలో కొట్టు తెరిచే హక్కు అతనికే లేకుండా పోయింది. అప్పటికింకా రాష్ట్రం కాని హవాయికి వెళ్లి, వైకీకీలో మళ్లీ మొదలుపెట్టాడు. అక్కడ ఒక పెద్ద మర్రిచెట్టు మీద గుడిసె కట్టించుకున్నాడు.

ఈలోగా అసలు కొలతలు తెలియనివాళ్లు ఊహించి కలిపారు. డబ్బా రసాలు, రంగులు, చక్కెర వచ్చి పడ్డాయి. 1970లు గడిచేసరికి జాంబీ అంటే తియ్యటి ఎర్ర నీళ్లనే జనం అనుకున్నారు. ఆ తరహా బార్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1989లో డాన్ హొనొలులులో కన్నుమూశాడు. అతనికంటే ముందే అతని రుచి పోయింది.

జెఫ్ బెర్రీ అనే రచయిత ఆ రుచి కోసం ఏళ్ల తరబడి వెతికాడు. చివరికి డాన్ బార్‌లో 1937లో చేరిన ఉద్యోగి చొక్కా జేబులో పెట్టుకు తిరిగిన చిన్న నోటుపుస్తకం అతని చేతికొచ్చింది. అందులోనూ అంకెలే! పాత బార్‌మెన్‌లను అడిగి అడిగి ఆ ముడి విప్పాడు. గ్రేప్‌ఫ్రూట్ రసం రెండు పాళ్లు, దాల్చినచెక్క పానకం ఒక పాలు. డాన్స్ మిక్స్ అంటే ఇంతే.

దాల్చినచెక్క! మన వంటింటి డబ్బాలో ఎప్పుడూ ఉండేదే. దాని పేరు నమ్మకస్తుడి చెవిలో ఒక్కసారి చెప్పి ఉంటే, తన జాంబీ ఎర్ర నీళ్లయిపోవడం చూస్తూ ముసలివాడయ్యే గతి అతనికి పట్టేది కాదేమో.