నల్లమల విద్యార్థి పరిశోధన నియమాలు

నంద్యాల జిల్లాలోని నల్లమల అడవుల్లో, చెంచు గూడేల్లో క్షేత్ర అధ్యయనం చేసే విశ్వవిద్యాలయ విద్యార్థులు పాటించవలసిన చట్టపరమైన, నైతిక నిబంధనలను నల్లమల విద్యార్థి పరిశోధన నియమాలుగా పేర్కొనవచ్చు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో శాస్త్రీయ పరిశోధనకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి అవసరం. మనుషులు పాల్గొనే ఆరోగ్య పరిశోధనలకు భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన మార్గదర్శకాలు వర్తిస్తాయి. ఎథిక్స్ కమిటీ ముందస్తు ఆమోదం, పాల్గొనేవారి సమ్మతి వీటిలో ప్రధానం. చదువురానివారు సమ్మతి పత్రంపై వేలిముద్ర వేసేటప్పుడు నిష్పాక్షిక సాక్షి ఉండాలి. మైనర్లకు తల్లిదండ్రుల సమ్మతి, 12 ఏళ్లు దాటిన పిల్లల రాతపూర్వక అంగీకారం కావాలి.

2009లో ఖమ్మం జిల్లాలో చేపట్టిన హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టులో బాలికల తరఫున హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన ఉదంతం ఈ నిబంధనల ప్రాధాన్యాన్ని స్పష్టం చేసింది.